అద్దానికి ఇవతలి కుర్చీ

లోహిత్‌కి వచ్చిన కష్టం ఏమిటంటే, మా మేడమ్ ఏ గడిలోనూ ఇమడడం లేదు.

హైదరాబాదులో జర్నలిజం చదువుతూ, ఇంటర్న్‌షిప్ కోసం తెనాలిలో మా పలకరింపు రేడియోకి వచ్చాడు ఆ అబ్బాయి. తిరిగి వెళ్ళేటప్పుడు కాలేజీకి ఒక రిపోర్టు ఇవ్వాలట. నువ్వు పనిచేసిన సంస్థను నడిపేవారిది ఏ నాయకత్వ శైలి, ఉదాహరణలతో రాయమని. శైలులు మూడు రకాలని వాళ్ళ మాస్టారు నూరిపోసి పంపారు. తన మాటే శాసనం అనేవాళ్ళు ఒక రకం. పదిమందినీ అడిగి చేసేవాళ్ళు ఒక రకం. ఎవరి పని వాళ్ళకి వదిలేసేవాళ్ళు ఇంకో రకం. కాగితం మీద మూడు గడులు గీసుకుని, టిక్కు ఎక్కడ పెట్టాలా అని మా భ్రమరాంబ మేడమ్‌ని కనిపెట్టుకుని తిరిగేవాడు.

ఒకరోజు వార్తల్లో అంగలకుదురు పేరు తప్పు చదివితే మేడమ్ అతన్ని అందరిలో నిలబెట్టి కడిగేశారు. "ఊరి పేరు తప్పు పలికితే ఆ ఊరి వాళ్ళందరినీ అవమానించినట్టే" అన్నారు. లోహిత్ మొదటి గడిలో టిక్కు పెట్టాడు. ఆ మధ్యాహ్నమే, సాయంత్రం ఏ పాట వేద్దామని ఊడ్చే ఆమెతో సహా అందరినీ అడిగి కూర్చున్నారు. టిక్కు కొట్టేసి రెండో గడిలో పెట్టాడు. మర్నాడు స్టూడియోలో ప్రత్యక్ష ప్రసారం నడుస్తుంటే, మేడమ్ తన కుర్చీలో గోరుచిక్కుళ్ళు తుంచుకుంటూ కూర్చున్నారు. పాపం, కాగితం చిరిగిపోయేదాకా కొట్టివేతలే.

నేను ఈ రేడియోలో మీటల బల్ల దగ్గర కూర్చుంటాను. పేరు బాజీ. ఎవరి గొంతు పెంచాలో, ఎవరిది తగ్గించాలో చూసుకోవడం నా పని. కాలవ గట్టున ఒక మేడ మీద రెండు గదులు మావి. మధ్యలో పెద్ద గాజు అద్దం. అవతలి గదిలో మైకు ముందు ఎస్తేరు కూర్చుంటుంది. ఇవతల నేను, నా పక్కన మేడమ్ కుర్చీ. ఇంతే మా సామ్రాజ్యం. అయినా మా రేడియో గురించి తక్కువ చేసి చెప్పడం నాకు చేతకాదు. ఆదివారం పదింటికి టిఫిన్ హోటల్లో మా స్టేషన్ పెట్టకపోతే, చట్నీ బాగాలేదని వంక పెట్టి గొడవపడే జనం ఉన్నారు ఈ ఊళ్ళో.

ఆ జనం సగం ఎస్తేరు గొంతు కోసం వినేవాళ్ళే. ఐతానగర్‌లో చర్చి పాటలు పాడుకునే పిల్లని మేడమ్ వెళ్ళి తెచ్చుకున్నారు. మొదట్లో మైకు చూస్తేనే వణికేది. ఇప్పుడు ఆ పిల్ల "నమస్కారం తెనాలీ" అంటే, పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళు కూడా ఒక క్షణం ఆగుతారు.

లోహిత్ చివరికి ఉండబట్టలేక మేడమ్‌నే అడిగేశాడు.

"మేడమ్, మీది ఏ శైలి?"

మేడమ్ గోరుచిక్కుడు కాయ పీచు తీసి గిన్నెలో వేశారు. ప్రభుత్వ రేడియోలో తల నెరిసిన మనిషి. తొందర అనేది ఆవిడ వంట్లోనే లేదు.

"ఈ ఆదివారం నా కుర్చీలో నువ్వు కూర్చో" అన్నారు. "నేను ఇంట్లో వింటా."

అడిగింది ఒకటి, దొరికింది ఒకటి. అయినా ఆ కుర్రాడి మొహం చూడాలి ఆ క్షణాన. పెళ్ళికొడుకైనా అంత వెలగడు.

* * *

ఆదివారం మా కార్యక్రమం పేరు కచేరీ. పదింటికి మొదలై పదకొండుకి అయిపోతుంది. పదకొండు కొట్టగానే కంప్యూటర్ తనంతట తనే రైతుల కార్యక్రమానికి వెళ్ళిపోతుంది. ఎవరు మాట్లాడుతున్నా దానికి లెక్కలేదు, సగం మాటలోనే కోసేస్తుంది. కోయకముందే మనం ముగించి, కార్యక్రమం నడిపినవారి పేరు చెప్పి, నమస్కారం పెట్టాలి. అది మా పద్ధతి. మేడమ్ మాత్రం తన పేరు ఎప్పుడూ చెప్పనివ్వలేదు.

ఆ వారం అతిథి గోవాడ పూర్ణయ్య గారు. ఊరంతా కృష్ణుడి పూర్ణయ్య అంటుంది. పౌరాణిక నాటకాల్లో ఆయన కృష్ణుడి వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే, జనం "వన్స్ మోర్" అని కేకలేసి మళ్ళీ పాడించుకునేవారు. తెనాలి గడ్డ మీద నాటకాల వాళ్ళకి దొరికే మర్యాద దొరలకి కూడా దొరకదు. పట్టు పంచె కట్టుకుని, అత్తరు పూసుకుని వచ్చారు ఆ ఉదయం. రేడియోలో ఎవరికీ కనిపించరని ఆయనకి తెలియక కాదు.

లోహిత్ మొదటి రకం నాయకత్వం ఎంచుకున్నాడు. ఏ నిమిషానికి ఏ ప్రశ్న అడగాలో రాసి ఎస్తేరు చేతిలో పెట్టాడు. అది చాలదని, మా బల్ల మీద ఎర్ర బటన్ మీద వేలు పెట్టుకు కూర్చున్నాడు. ఆ బటన్ నొక్కి మాట్లాడితే అవతల మైకు ముందున్న మనిషి చెవిలో మాత్రమే వినిపిస్తుంది. ఊరికి వినపడదు, పక్కనున్న అతిథికీ వినపడదు. టాక్‌బ్యాక్ అంటాం దాన్ని. మేడమ్ దాని జోలికి అంతగా వెళ్ళరు కాబట్టి దాని మీద ఎప్పుడూ సన్నగా దుమ్ము ఉంటుంది. ఆవేళ ఆ దుమ్ము వదిలింది.

"ఎస్తేరూ, నెమ్మదిగా. ఎస్తేరూ, అంతగా నవ్వకు. ఇప్పుడు చిన్నప్పటి సంగతి అడుగు. అది వదిలెయ్, తర్వాతది."

అవతల ఎస్తేరు మాటిమాటికీ చెవి మీద హెడ్‌ఫోన్ సర్దుకుంటోంది. నేను లోహిత్ వైపు చూశాను. అతను గడియారం వైపు చూస్తున్నాడు.

చివర్లో పూర్ణయ్య గారు పద్యం ఎత్తుకున్నారు. మోహన రాగం. వయసు మీద పడ్డా గొంతులో ముడత పడలేదు. పద్యం అయిపోయాక చివరి అక్షరం మీద రాగం అందుకున్నారు. నాటకాల్లో అసలు సంగతి అక్కడే ఉంటుంది, జనం టిక్కెట్టు కొనేది దానికే. నేను మీట మీద వేలు పెట్టి కళ్ళు మూసుకున్నాను.

"పద్యం అయిపోయిందిగా, ఇంకా ఏంటిది?" అన్నాడు లోహిత్ నాతో.

"రాగం."

అతను బటన్ నొక్కాడు. "ఎస్తేరూ, టైమ్ అయిపోతోంది. రాగం చాలు, ఆపమను. మర్యాదగా ఆపించు. వింటున్నావా? చాలు, ఆపమను."

ఒక చెవిలో కృష్ణుడు, ఇంకో చెవిలో లోహిత్. ఆ పిల్ల ఏదో మెచ్చుకోలు మాటతో మెల్లిగా ముగిద్దామనే నోరు తెరిచింది.

"పూర్ణయ్య గారూ, అద్భుతం, చాలు, రాగం ఆపండి."

ఊరు ఊరంతా విన్నది.

రాగం తెగిపోయింది. పూర్ణయ్య గారు కిరీటం దించినట్టు నెమ్మదిగా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. మైకుకి ఒక నమస్కారం పెట్టి లేచి వెళ్ళిపోయారు. ఎస్తేరు నోటి మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయింది. మిగిలిన టైముకి నేను నాదస్వరం రికార్డు వేసి పెట్టాను. పెళ్ళిలో పెళ్ళికొడుకు అలిగి వెళ్ళిపోతే సన్నాయి వాయించినట్టుంది నా పని.

తర్వాత ఫోన్ల సంగతి చెప్పక్కర్లేదు. తెనాలిలో పూర్ణయ్యని ఆపమంటారా అని ఒకరు. ఆ పిల్లకి నాలుగు అక్షరాలు రాగానే పొగరెక్కిందని ఇంకొకరు. ఆ మాట నాకు ఒళ్ళు మండేలా తగిలింది.

మేడమ్ రిక్షా దిగి పైకి వచ్చేసరికి లోహిత్ ముందే అందుకున్నాడు.

"నేను చెవిలో చెప్పింది ఆమె పైకి అనేసింది మేడమ్. చెవిలో మాట చెవిలోనే ఉంచుకోవాలి కదా."

ఎస్తేరు సంచీ భుజాన వేసుకుంది. "నాదే తప్పు మేడమ్. నోరు జారింది. ఇంక నేను మైకు ముందు కూర్చోను" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మేడమ్ ఆ పిల్లని ఆపలేదు. లోహిత్‌ని తిట్టనూ లేదు. మార్కెట్ యార్డు ధరల కాగితం తీసి అతని చేతిలో పెట్టారు.

"లోపలికెళ్ళి ఇది చదువు. ప్రసారం కాదులే, బాజీ రికార్డు చేస్తాడు."

లోహిత్ వెళ్ళి ఎస్తేరు కుర్చీలో కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలిగింది. చదవడం మొదలుపెట్టాడు. బాగానే చదువుతున్నాడు. మేడమ్ బటన్ నొక్కి, లాలనగా మాట్లాడడం మొదలుపెట్టారు.

"బాగుంది నాన్నా. గొంతు బాగుంది. వీపు కొంచెం నిటారుగా పెట్టు. తొందర లేదు. మంచినీళ్ళు పక్కనే ఉన్నాయి."

చదవడం అయ్యాక బయటికి పిలిచి, నన్ను రికార్డు వేయమన్నారు. గదిలో లోహిత్ గొంతు పలికింది: "పెసలు నిన్నటి ధర బాగుంది నాన్నా. మినుములు నాణ్యమైన రకం మంచినీళ్ళు పక్కనే ఉన్నాయి."

నాకు నవ్వు ఆగలేదు. మేడమ్ నవ్వలేదు.

"నేను మంచిమాటలే చెప్పా" అన్నారు.

లోహిత్ నేల చూశాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి మేడమ్?" అన్నాడు.

"నన్నడుగుతావేందయ్యా. వచ్చే ఆదివారం కూడా కుర్చీ నీదే."

నాకైతే ఆ మాట మింగుడుపడలేదు. రేడియో పరువు కాలవలో కలిసి ఇంకా గంట కాలేదు. ఏదో అనబోయాను. మేడమ్ ఒక చూపు చూశారు. నా మీట నేనే దించుకున్నాను.

* * *

ఆ సాయంత్రం ఐతానగర్‌కి దారి తెలియదని లోహిత్ నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఎస్తేరు వాకిట్లో తడిబట్టలు పిండి ఆరేస్తోంది. వాళ్ళమ్మ కుర్చీలు వేసి లోపలికి వెళ్ళింది. వెళ్తూ లోహిత్‌ని చూసిన చూపుకి నేనైతే కూర్చునేవాణ్ణి కాదు.

"వచ్చే వారం రండి, ప్లీజ్" అన్నాడు లోహిత్.

"మీరు చెవిలో, ఆయన ఎదురుగా. ఎవరి మాట వినాలో నాకు తెలియలా" అంది ఎస్తేరు. "మా అమ్మ హోటల్ దగ్గర వింటంది. పక్కనోళ్ళు ఏమన్నారో తెలుసా మీకు?"



"ఇంక మీ చెవిలో ఒక్క మాట కూడా మాట్లాడను" అన్నాడు లోహిత్. "ఒట్టు."

ఎస్తేరు చీర దులిపి తీగ మీద వేసింది. "మేడమ్ కోసం ఈ ఒక్క వారం వస్తా. ఆ తర్వాత నన్ను అడగమాకండి."

దారిలో లోహిత్ నాతో, "మొదటి రకం తప్పు బాజీ గారూ. మూడో రకమే కరెక్ట్. మనుషుల్ని వదిలెయ్యాలి" అన్నాడు. ఇంకా గడుల్లోనే తిరుగుతున్నాడు ఆ పిల్లాడు.

* * *

రెండో ఆదివారం ఎస్తేరు వచ్చింది. ఊరగాయల కాలం కదా, వినేవాళ్ళు ఫోన్ చేసి తమ ఇంటి ఊరగాయ సంగతులు చెప్పే కార్యక్రమం పెట్టాం. లోహిత్ ఒట్టు మీద నిలబడ్డాడు. బటన్ వైపు పోకుండా చేతులు కట్టుకున్నాడు. ఎస్తేరు మీద ఒత్తిడి పడకూడదని అద్దం వైపు కూడా చూడలేదు. తల దించుకుని కాగితాలు చూసుకుంటూ కూర్చున్నాడు. మేడమ్ ఆవేళ వచ్చి మా వెనక స్టూలు మీద కూర్చున్నారు, ఒళ్ళో గోంగూర కట్టతో.

మొదట బాగానే నడిచింది. ఆవకాయలో వెల్లుల్లి ఉండాలా వద్దా అని ఇద్దరు అత్తాకోడళ్ళు ఒకే ఫోనులో వాదించుకున్నారు. ఎస్తేరు గొంతులో నవ్వు తిరిగి వస్తోంది. అంతలో ఒకావిడ ఫోన్ చేసింది.

"మా ఇంటి మాగాయ సంగతి తర్వాత చెబుతా గాని, ఏమ్మా, పూర్ణయ్య గారిని నోరు మూసుకోమన్న దానివి నువ్వేనా?"

ఎస్తేరు అద్దం వైపు చూసింది. అద్దంలో ఆమెకి కనిపించింది లోహిత్ పాపిడి.

రేడియోలో నిశ్శబ్దం అంటే అన్నంలో రాయి. చిన్నదైనా అందరికీ తగులుతుంది. ఎస్తేరు పెదాలు కదిలాయి, మాట రాలేదు. కళ్ళు మాత్రం అద్దాన్ని వదలలేదు. నేను నాదస్వరం వైపు చెయ్యి చాపాను.

మేడమ్ లేచారు. లోహిత్ పక్కకి వచ్చి, బొట్టు పెట్టడానికి పిల్లల గడ్డం పట్టుకుని ఎత్తినట్టు, అతని గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తారు.

లోహిత్ ఎస్తేరుని చూశాడు. ఆ రోజుకి అదే మొదటిసారి చూడడం. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఏం చెయ్యాలో తెలియక అతను నెమ్మదిగా తల ఊపాడు. నేను ఇక్కడే ఉన్నాను అన్నట్టు.

ఎస్తేరు ఊపిరి పీల్చుకుంది.

"నేనేనండీ" అంది మైకులో. "పెద్దాయన మనసు నొచ్చింది. తప్పు నాదే, ఇక్కడినుంచే ఆయన కాళ్ళకి దణ్ణం పెడుతున్నా. ఇప్పుడు మీ మాగాయ సంగతి చెప్పండి, వింటాను."

ఫోనులో ఆవిడ "మంచిపిల్లవే" అని, మామిడి ముక్క ఎన్నాళ్ళు ఎండాలో మొదలుపెట్టింది. నేను నాదస్వరం మీంచి చెయ్యి తీశాను. మా పిల్ల అని గర్వంగా అనిపించింది నాకు. పక్కన లోహిత్ చెవులు మాత్రం ఎర్రబడి ఉన్నాయి. తప్పు నాదే అని ఊరందరి ముందూ అన్నది ఎస్తేరు. ఆ తప్పు ఎవరిదో అద్దానికి ఇవతల ఉన్న ముగ్గురికీ తెలుసు.

కార్యక్రమం చివర నడిపినవారి పేరు చెప్పాలి కదా. లోహిత్ కాగితం మీద తన పేరు కొట్టేసి అద్దానికి ఆనించి చూపించాడు. ఎస్తేరు ఉత్త నమస్కారంతో ముగించింది.

ఎర్ర దీపం ఆరగానే అతను ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగాడు. నేను వెనకే పరిగెత్తాను. ఈసారి దారి తనే కనుక్కుంటూ నాజరుపేటలో పూర్ణయ్య గారి ఇంటికి వెళ్ళాడు.

పూర్ణయ్య గారు వాలుకుర్చీలో ఉన్నారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు.

లోహిత్ గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆ మాట ఆ అమ్మాయిది కాదండీ. నాది. నేను చెవిలో అరిచాను, ఆమె నోట వచ్చింది. తిట్లు ఆమె తింటోంది."

"నువ్వెవరు?"

"ఆ రోజు కార్యక్రమం నడిపింది నేనండీ."

"నడిపావా" అన్నారాయన. "నలభై ఏళ్ళు రంగస్థలం మీద నిలబడ్డాను నాయనా. వానలో తడుస్తూ కూడా వన్స్ మోర్ అన్నారు జనం. ఆపమన్న మగవాడు లేడు. నీకు నా పాటలో ఏం తక్కువైంది?"

"తక్కువ కాదండీ. నేను అసలు వినలేదు. గడియారం చూస్తున్నాను."

పూర్ణయ్య గారు అతన్ని కిందినుంచి పైదాకా చూశారు. ఆయన కృష్ణుడే గాని, కోపం వస్తే దుర్వాసుడు.

"ఆ పిల్ల పిలిస్తే వస్తాను" అన్నారు. "నువ్వు పిలిస్తే రాను."

ఆ సాయంత్రమే మళ్ళీ ఐతానగర్. లోహిత్ వాకిట్లోనే నిలబడి, ఎస్తేరుకీ వాళ్ళమ్మకీ కలిపి ఉన్నదున్నట్టు చెప్పాడు. పూర్ణయ్య గారితో ఏమన్నాడో, ఆయన ఏమన్నారో మొత్తం. పిలుపు ఎస్తేరుదే కావాలన్నాడు. మళ్ళీ మైకు ముందుకి రమ్మని మాత్రం అడగలేదు. ఎస్తేరు వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ లోపలికెళ్ళి ఫోన్ తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. వచ్చేటప్పుడు మాకు కాఫీ కూడా ఇచ్చింది.

* * *

మూడో ఆదివారం లోహిత్‌కి మా దగ్గర ఆఖరిది. వాళ్ళమ్మకి, స్నేహితులకి, కాలేజీ మాస్టారికి అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడు, పదకొండుకి ముందు నా పేరు వస్తుంది, నెట్‌లో వినండి అని. వాళ్ళమ్మ రికార్డు చేసి పెట్టుకుంటానందట. ముగింపు మాట అతనే రాశాడు. ఇంటిపేరుతో సహా తన పేరు, కాలేజీ పేరు, అన్నీ ఉన్నాయి అందులో. నేనేమీ వెక్కిరించలేదు. పేరు రేడియోలో వినాలని ఎవరికుండదు.

పూర్ణయ్య గారు మళ్ళీ పట్టు పంచెలోనే వచ్చారు. ఎస్తేరు వంగి దణ్ణం పెడితే, "లేమ్మా, సత్యభామా" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎర్ర దీపం వెలిగింది.

ఈసారి లోహిత్ కాగితాలు బోర్లించి పెట్టాడు. బటన్ మీదికి చెయ్యి పోలేదు, అలాగని ఒళ్ళోనూ ముడుచుకోలేదు. మోచేతులు బల్ల మీద ఆనించి ఎస్తేరు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె నవ్వితే నవ్వాడు. పూర్ణయ్య గారు రంగం మీద కిరీటం జారిపోయిన కథ చెబుతుంటే, కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. ఒకసారి ఎస్తేరు అడగాల్సిన ప్రశ్న మరిచిపోయి అద్దం వైపు చూసింది. అతను గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాడు. "ఈ గొంతు ఇలా ఉండడానికి ఏం తింటారండీ?" అని అందుకుంది. అది అతని కాగితంలో లేని ప్రశ్న. ఊరంతా చెప్పుకున్న జవాబు దానికే వచ్చింది.

మేడమ్ వెనక స్టూలు మీద ఉన్నారు. ఆవేళ ఏ కూరా తెచ్చుకోలేదు.

చివర్లో పూర్ణయ్య గారు ఆ పద్యమే ఎత్తుకున్నారు. ఆపిన చోటు దాటి రాగం ముందుకి సాగింది. మోహన ఆ గదిలో నిండిపోయింది. ఆ మొదటి ఆదివారం ఆయనకి రావాల్సింది వడ్డీతో వసూలు చేసుకుంటున్నట్టు పాడారు. రాగం దిగింది. గడియారంలో ముగింపు మాటకి సరిపడా టైము మాత్రమే మిగిలి ఉంది. లోహిత్ పేరు, ఇంటిపేరు, కాలేజీ పేరు, అన్నీ పట్టేంత టైము.

ఎస్తేరు చేతిలో ముగింపు కాగితం ఉంది. ఆమె అద్దం వైపు చూసింది.

లోహిత్ గడియారం చూశాడు. పూర్ణయ్య గారిని చూశాడు. ఆయన నుదుట చెమట తుడుచుకుంటూ, ఎవరో ఏదో అంటారని ఎదురుచూసే మనిషిలా ఉన్నారు. లోహిత్ చూపుడువేలు పైకెత్తి, గాలిలో గుండ్రంగా ఒక చుట్టు తిప్పాడు.

ఎస్తేరు కాగితం పక్కన పెట్టేసింది. మైకు దగ్గరికి వంగి, నాటకం పందిట్లో ముందు వరసలో కూర్చున్నదానిలా గొంతెత్తింది.

"వన్స్ మోర్!"

పూర్ణయ్య గారి మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. ఒక్కసారి భుజాలు లేచాయి. పద్యం మళ్ళీ అందుకున్నారు, ముందుకన్నా ఒక మెట్టు పైన. కింద కాలవ గట్టున సైకిళ్ళు ఆగిన చప్పుడు వినిపించింది. హోటల్ దగ్గర ఎవరో ఈల వేశారు. మా రేడియో, మా ఊరు, మా పూర్ణయ్య అని నాకు ఒళ్ళు పులకరించింది. మీట మీంచి వేలు తీయకుండా, గొంతు ఒక పిసరు కూడా పగలనివ్వలేదు.

రాగం దిగేసరికి పదకొండుకి ఊపిరి తీసుకునేంత టైము మిగిలింది. లోహిత్ అప్పటికే కుర్చీలో వెనక్కి వాలాడు. తన పేరు పోయిందని అతనికి తెలుసు. హైదరాబాదులో వాళ్ళమ్మ ఫోను పట్టుకు కూర్చుని ఉంటుందనీ తెలుసు. అయినా ఆ మొహంలో నాకు దిగులు కనిపించలేదు.

ఎస్తేరు మైకులోకి ఒక్క గుక్కలో అంది:

"ఇది మా లోహిత్ నడిపిన కచేరీ. నమస్కారం తెనాలీ."

పదకొండు కొట్టింది. కంప్యూటర్ రైతుల దగ్గరికి వెళ్ళిపోయింది. ఎర్ర దీపం ఆరింది.

లోహిత్ కదల్లేదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు అతనికి. అవతల ఎస్తేరు హెడ్‌ఫోన్ తీసి అతని వైపు చూసి నవ్వింది.

మేడమ్ స్టూలు మీంచి లేచి అతని పక్కకి వచ్చారు.

"ఆ ఆఖరి మాట నువ్వు చెప్పమన్నావా?"

"లేదు మేడమ్."

మేడమ్ బల్ల మీద బోర్లించి ఉన్న కాగితాల్లోంచి మూడు గడుల కాగితం తీసి, ఖాళీగా ఉన్న వెనక వైపు పైకి పెట్టి, అతని ముందుకి జరిపారు.

"అయితే అది రాసుకో."